సొరబుర్ర, వెండిగొట్టం: మాతే సరంజామా వెనక కథ

యెర్బా మాతే అనే ఆకు పానీయం తాగడానికి కావలసినవి రెండే వస్తువులు: ఒక బుర్ర, ఒక గొట్టం. బుర్రలో ముప్పాతిక వంతు ఆకు నింపి, వేడినీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ, గొట్టంతో పీలుస్తారు. పరాగ్వే, అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్‌లలో ఈ ఆకు కోసం పెద్ద గొడవలే జరిగాయి. పాలకులు నిషేధించారు, మతగురువులు తోటలు వేశారు, వ్యాపారులు గడించారు. ఇంత జరిగినా ఆ రెండు వస్తువుల రూపాన్ని నిర్ణయించింది మాత్రం ఆకు నలుసు, నీటి వేడి. హోదా కోసం చేసిన మార్పులు చాలావరకు అద్దాల బీరువాలకే పరిమితమయ్యాయి.

మొదట తాగినవాళ్ళు గ్వరానీలు. నలకలు నోట్లోకి రాకుండా పళ్ళతో వడగట్టుకునేవారు. లేదంటే సన్నని వెదురు గొట్టానికి అడుగున నారతో చిన్న బుట్ట అల్లి వాడేవారు. వాళ్ళ బుర్ర మనకు కొత్తదేం కాదు. కిన్నెరకు కట్టే బుర్ర, మన ఏజెన్సీ కొండల్లో నీళ్ళు మోసిన ఆనపబుర్ర కూడా ఆ జాతివే. సొరజాతి అమెరికా ఖండానికి ఎలా చేరిందన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండేది. ఆఫ్రికా కాయలు అట్లాంటిక్ మీద తేలుకుంటూ వెళ్ళి ఉంటాయని 2014 నాటి జన్యు పరిశోధన సూచించింది.

17వ శతాబ్దం మొదట్లో ఆ ప్రాంతపు స్పెయిన్ గవర్నర్ హెర్నాండారియాస్ ఇదొక వ్యసనమంటూ నిషేధం పెట్టాడు. ఎవరూ లెక్కచేయలేదు. జెసూట్ క్రైస్తవ గురువులు కూడా మొదట ముఖం చిట్లించినవాళ్ళే. తర్వాత విత్తనం మొలకెత్తించే కిటుకు పట్టుకుని తోటలు పెంచారు, పుల్లలు ఏరి జల్లించిన మెత్తటి ఆకు అమ్మారు. 1767లో స్పెయిన్ రాజు వాళ్ళను వెళ్ళగొట్టాక ఆ కిటుకు మరుగున పడింది. మళ్ళీ దొరికింది 19వ శతాబ్దం చివర, బ్వేనస్ ఐరెస్ వృక్షోద్యానం బాధ్యతలు చూసిన కార్లోస్ థేస్ చేతుల్లో. గింజలను వేడినీళ్ళలో నానబెట్టడమే ఆ రహస్యమట!

ఈలోగా పోతోసీ గనుల వెండి సరంజామాలోకి దిగింది. లీమా నుంచి బ్వేనస్ ఐరెస్ దాకా సంపన్నుల ఇళ్ళలో మూడు కాళ్ళ వెండి గిన్నెలు, పూలు చెక్కిన వెండిగొట్టాలు వెలిశాయి. చూడ్డానికి ముచ్చటే. కానీ వేడినీళ్ళు పోస్తే వెండి చెయ్యి చురుక్కుమనిపిస్తుంది. కంసాలులు దీనికి చేసిన ఉపాయం నాకు నచ్చుతుంది: లోపల బుర్రను బుర్రగానే ఉంచి, అంచుకూ అడుగుకూ మాత్రం వెండి తొడుగు వేశారు. ఈనాటి ‘ఇంపీరియల్’ బుర్ర దానికి వారసురాలే. ఒంటికి తోలు, అంచుకు లోహపు కట్టు. ఆ కట్టు చాలావాటిలో అల్పాకాది, అంటే మన ఇళ్ళలో జర్మన్ సిల్వర్ అనే లోహం.

గొట్టాన్ని అక్కడ బొంబియా అంటారు. వెదురు పోయి లోహం రావడం మాత్రం నిజంగా మేలు చేసింది. అడుగున చిల్లుల బుడిపె, చెంచా ఆకారం, స్ప్రింగు చుట్ట ఇలా వడపోతలో రకరకాలు పుట్టాయి. కొనేవాళ్ళు అందాన్ని బట్టి ఎంచుతారు, తప్పు. ఆకును బట్టి ఎంచాలి. అర్జెంటీనా ఆకులో పుల్లలుంటాయి, ఏ వడపోతకైనా ఆగుతుంది. బ్రెజిల్ వాళ్ళ షిమహావ్ ఆకు పచ్చటి పిండిలా ఉంటుంది. దానికి వెడల్పైన వడపోత, మూతి పెద్దగా తెరుచుకున్న కూయ బుర్ర కావాలి. పరాగ్వే ఎండలకు చల్లనీళ్ళ తెరెరే తాగుతారు, దానికి పశువుల కొమ్ముతో చేసిన గ్వాంపా చాలు. ఈ తెరెరే సంప్రదాయం 2020లో యునెస్కో జాబితాకెక్కింది.

20వ శతాబ్దంలో ఎనామెల్, అల్యూమినియం, గాజు వచ్చాయి. అన్నిటికన్నా పెద్ద మార్పు ఫ్లాస్కు. పొయ్యి దగ్గర కూర్చుని తాగే మాతే దాంతో వీధిలోకొచ్చింది. చంకలో ఫ్లాస్కు, చేతిలో బుర్రతో బస్సెక్కేవాళ్ళు ఉరుగ్వేలోని మాంతెవిదేవోలో అడుగడుగునా కనిపిస్తారు. నీళ్ళు మరగకూడదు, 70 నుంచి 80 డిగ్రీలు చాలు. మరిగితే ఆకు మాడి చేదెక్కుతుంది. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకు ముప్పు ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది. లోహపు గొట్టం ఆ వేడిని నేరుగా నోటికి చేరుస్తుంది కాబట్టి తొందర పనికిరాదు.

కొత్త బుర్రను పదును చేయడం అన్నిటికన్నా ఓపిక పని. వాడిన తడి ఆకు నింపి, కాస్త వేడినీళ్ళు పోసి, ఒక రోజు వదిలేస్తారు. మర్నాడు ఆకు పారబోసి, మెత్తబడిన లోపలి గుజ్జును చెంచాతో నెమ్మదిగా గీకుతారు. నారలు తెల్లగా, వదులుగా ఊడి వస్తాయి. అడుగున బొడ్డు దగ్గర గట్టిగా గీకారో, బుర్ర కారడం ఖాయం. ఇలా రెండుమూడు సార్లు చేస్తే పచ్చివాసన పోతుంది. తీపి మాతే తాగే పాతకాలపు ఇళ్ళలో నిప్పుకణిక, పంచదార వేసి తిప్పేవాళ్ళు కూడా. కర్ర పాత్రకైతే ముందు వెన్నో నూనో పట్టిస్తారు, లేకపోతే చీలుతుంది. సబ్బు దేనికీ తగలకూడదు. తాగాక ఆకు తీసేసి, కడిగి, గాలాడేలా వాల్చి ఆరబెట్టాలి. తడిగా మూలన పడేస్తే రెండు రోజుల్లో బూజు.

2020 కోవిడ్‌తో ఒకే గొట్టం చేతులు మారే ఆచారానికి గండి పడింది, ఎవరి బుర్ర వాళ్ళకైంది. వలస వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళ ద్వారా మాతే నేర్చిన సిరియాలో ఎప్పటినుంచో తలా ఒక చిన్న గాజుగ్లాసు పెట్టుకునే అలవాటుంది. ఇప్పుడు రెండు పొరల స్టీలు పాత్రలు వచ్చాయి. పదును అక్కర్లేదు, బూజు పట్టదు. రుచి తగ్గిందని పాతవాళ్ళు గొణుగుతారు, నాదీ బుర్ర పక్షమే. అయినా రోజూ ఆరబెట్టే అలవాటు లేనివాళ్ళు స్టీలుదే కొనుక్కోవడం నయం. గొట్టం మాత్రం వడపోత విడదీసే రకమే తీసుకుని, అప్పుడప్పుడు వంటసోడా నీళ్ళలో మరిగించి, సన్నని బ్రష్షుతో లోపల తోమితే చాలు.