జ్వరం తగ్గి మళ్లీ వస్తోందా? గుండెకు రంధ్రం ఉన్నవాళ్లు ఈ పరీక్ష మర్చిపోవద్దు!

పుట్టుకతోనే గుండెకు రంధ్రం. చిన్నప్పుడే ఆపరేషన్ అయింది, లేదంటే 'చిన్నదే, పర్లేదు' అన్నారు. ఇప్పుడు రెండు వారాలుగా సాయంత్రమైతే జ్వరం. మిర్చి కోతల రోజులు కదా, ఎండదెబ్బేమో అనుకుంటారు. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయిస్తే రెండు రోజులు తగ్గుతుంది, మళ్లీ మొదలు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇలాంటి జ్వరాన్ని టైఫాయిడ్ ఖాతాలో వేసేయడం మామూలే. కానీ అది గుండె కవాటానికి పట్టిన ఇన్ఫెక్షన్ కావచ్చు. దీన్నే ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు.

ఎలా వస్తుంది?
రంధ్రంలోంచి రక్తం జోరుగా కొడుతుంటే గుండె లోపలి పొర దెబ్బతింటుంది. చిగుళ్ల నుంచో, చర్మం మీది పుండు నుంచో రక్తంలో చేరిన బ్యాక్టీరియా అక్కడ అతుక్కుని గడ్డలా పెరుగుతుంది. అందులో ముక్క ఊడి మెదడుకు వెళ్తే పక్షవాతం. కవాటం పాడైతే హార్ట్ ఫెయిల్యూర్.

ఏ పరీక్ష చేయించాలి?
యాంటీబయాటిక్ పడకముందే బ్లడ్ కల్చర్ చేయించాలి. సాధారణంగా మూడుసార్లు రక్తం తీస్తారు. మందు ముందే పడితే క్రిమి దొరక్కపోవచ్చు. ఆ తర్వాత ఎకో. జబ్బు తేలితే సాధారణంగా 4 నుంచి 6 వారాలు నరానికి ఇంజెక్షన్లు, కొందరికి ఆపరేషన్.

పన్ను పీకించుకుంటున్నారా?
ముందుగా యాంటీబయాటిక్ అందరికీ అక్కర్లేదని 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తేల్చింది. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లు, ఒళ్లు నీలంగా మారే లోపానికి ఆపరేషన్ కానివాళ్లు, ప్యాచ్ వేసి 6 నెలలు దాటనివాళ్లు, ప్యాచ్ దగ్గర లీకు మిగిలినవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి వేసుకోవాలి. మిగతావాళ్లకి రోజూ పళ్లు శుభ్రంగా తోముకోవడమే పెద్ద రక్ష. పత్తి తీసేటప్పుడు వేళ్లకు గుచ్చుకున్న గాయాల్నీ సబ్బుతో కడగాలి, చీము పడితే చూపించుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి?
18 ఏళ్లలోపు పిల్లల్లో గుండె లోపాల్ని గుర్తించేందుకు 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే పథకం ఉంది. గుంటూరు జీజీహెచ్‌లో గుండె ఆపరేషన్లు జరుగుతాయి. 2016లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం అక్కడ గుండె మార్పిడి కూడా చేసింది.

చివరిగా ఒక్క మాట. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా మొదట 'నాకు గుండెలో రంధ్రం ఉంది' అని చెప్పండి. పాత డిశ్చార్జ్ కాగితం పారేయకండి.