గులాబీ ఏనుగు దాటిన కంచె

1972లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో కొందరు మహిళలు బడిపిల్లల వాచకాలు ముందేసుకుని లెక్క తీశారు. మొత్తం 134 పుస్తకాలు, 2,760 కథలు. ఆడపిల్లలు ముఖ్యపాత్రలుగా రెండు కథలుంటే మగపిల్లలవి ఐదు తేలాయి. ‘డిక్ అండ్ జేన్ యాజ్ విక్టిమ్స్’ పేరుతో ఆ లెక్కను వాళ్లే అచ్చేశారు.

ఈ లెక్క బయటికి రాకముందే కొందరు పనిలోకి దిగారు. నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో 1970లో మొదలైన లాలీపాప్ పవర్ అనే మహిళా బృందం సొంతంగా పిల్లల పుస్తకాలు వేసింది. వాటిలో ఒకటైన ‘మార్టిన్స్ ఫాదర్’లో ఇంటిపనీ పిల్లాడి ఆలనాపాలనా తండ్రివే.

అయితే నీతిపాఠం వాసనొస్తే పిల్లలు పుస్తకం మూసేస్తారు. ఆ చిక్కు తెలిసిన మనిషి మిలన్‌లో అదేలా తురీన్. 1975లో ఆమె ప్రచురణ సంస్థ పెట్టి, ఎలెనా జియానీని బెలోత్తి రెండేళ్ల ముందు రాసిన పుస్తకం పేరే దానికి పెట్టారు: ‘ఆడపిల్లల పక్షాన’. తొలినాటి పుస్తకాల్లో ‘రోజాకొన్‌ఫెత్తో’ ఒకటి. తురీన్ రాయగా నెల్లా బోస్నియా బొమ్మలు వేశారు. అందులో ఆడ ఏనుగు పిల్లలను కంచెలో పెట్టి, ఒళ్లు గులాబీరంగు తేలాలని పూలే మేపుతారు. మగపిల్లలు బయట బురదలో పొర్లుతుంటారు. ఎన్ని పూలు తిన్నా రంగు మారని పాస్కలీనా ఒకరోజు గులాబీ బూట్లు విప్పేసి కంచె దాటుతుంది. వెనకే మిగతావాళ్లూ. అప్పటినుంచి ఏనుగులన్నీ బూడిదరంగే!

ఉపన్యాసం లేదు, నవ్వుంది. పారిస్‌లో స్త్రీవాద ప్రచురణకర్తలు, బార్సిలోనాలో లూమెన్ సంస్థ అవే బొమ్మలతో తమ భాషల్లో తెచ్చారు.

కానీ కంచెలో కూర్చోబెట్టి పూలు పెట్టేది ఏ ఇంటి పిల్లకు? చిన్నప్పుడే చేలోకి దిగిన పిల్ల సంగతి వేరు. ఆ పిల్లను పుస్తకంలోకి తెచ్చింది హైదరాబాదు. స్త్రీవాద సంస్థ అన్వేషి 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ వరుసను తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో రూపొందించింది. అందులో గోగు శ్యామల రాసిన తాటకి దళితుల పిల్ల, తన మీదికొచ్చిన భూస్వామికి ఎదురు తిరుగుతుంది. ధైర్యం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు, అది లేకపోతే రోజు గడవదు. ఇన్నాళ్లూ కరువైందల్లా పిల్లల పుస్తకంలో ఆమెకు చోటే.