ఆవిరి యుగపు గూడ్సు వ్యాగన్ల నమూనాలు

ఆవిరి యుగపు గూడ్సు వ్యాగన్ల నమూనాల తయారీ అనగా ఆవిరి ఇంజన్లు లాగిన సరకు రవాణా బండ్లలోని వ్యాగన్లను, వాటిలో నింపిన సరకులను ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి, కొలతలు తప్పకుండా తిరిగి నిర్మించుట. ఇది రైల్వే నమూనాల అభిరుచిలో ఒక శాఖ. ఇంజను నమూనా ఒక యంత్రం గురించి చెబుతుంది. వ్యాగను, దానిలోని సరకు కలిసి ఒక ప్రాంతపు పంటలు, గనులు, వర్తకం గురించి చెబుతాయి. అందువలన వ్యాగను రకం, గేజి, దానిపై వ్రాసిన అక్షరాలు, లోపలి సరకు అన్నీ ఒకే ప్రాంతానికి, ఒకే కాలానికి చెందినవై ఉండుట ఈ పనిలో ప్రధాన నియమం. ఈ వ్యాసంలో నెల్లూరు తీరప్రాంతపు రైలు మార్గమును ఉదాహరణగా తీసుకొని ఈ నియమము వివరించబడినది.

నేపథ్యం

మద్రాసు - బెజవాడ రైలు మార్గం 1899లో పూర్తయినది. ఇది గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా సాగే బ్రాడ్‌గేజి మార్గం. గూడూరు వద్ద కాట్పాడి వైపు నుండి వచ్చే మీటరుగేజి మార్గం దీనితో కలిసేది. ఆ మార్గం తరువాతి కాలంలో బ్రాడ్‌గేజిగా మారినది. నెల్లూరు, కావలి మధ్యనున్న బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డు, మార్షలింగ్ యార్డు ఉండేవి. గూడ్సు బండ్ల వ్యాగన్లను గమ్యాల వారీగా విడదీసి కూర్చే పని ఇటువంటి యార్డులలోనే జరిగేది.

పెన్నా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోనున్న ఇందుకూరుపేట మండలానికి రైలు మార్గం లేదు. ఇక్కడికి సమీపంలోని ప్రధాన స్టేషను నెల్లూరు. పెన్నా డెల్టాలోని ఇటువంటి గ్రామాల ధాన్యం రైలెక్కాలంటే ముందుగా రోడ్డు మీద పట్టణం చేరాలి. కనుక నెల్లూరు గూడ్సు షెడ్డును నమూనాగా నిర్మించేవారు వ్యాగన్లతో పాటు షెడ్డు ముందు ఎడ్లబండ్లను కూడా నిలపవలసి ఉంటుంది.

విజయవాడ - చెన్నై మార్గం 1980 నాటికి విద్యుదీకరణ చెందినది. దేశంలో బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజన్ల సాధారణ సేవలు 1995లో ముగిశాయి. ఆవిరి ఇంజన్లు పోయిన తరువాత బిట్రగుంట షెడ్డు ప్రాధాన్యం కోల్పోయినది. నాలుగు చక్రాల పాత వ్యాగన్లు కూడా క్రమంగా తుక్కుగా మారినవి.

నిష్పత్తి మరియు గేజి

నమూనా రైళ్ళలో ఎక్కువగా వాడుకలో ఉన్న కొలతలు పాశ్చాత్య దేశాల 1,435 మి.మీ. ప్రామాణిక గేజిని ఆధారం చేసుకొని ఏర్పడినవి. భారతీయ బ్రాడ్‌గేజి 1,676 మి.మీ., మీటరుగేజి 1,000 మి.మీ. కనుక బజారులో దొరికే పట్టాలు భారతీయ వ్యాగన్లకు సరిగా నప్పవు. వివిధ నిష్పత్తులలో ఉండవలసిన పట్టాల వెడల్పు ఈ విధంగా ఉంటుంది.

* ఓ.ఓ. (1:76.2): బ్రాడ్‌గేజి 22 మి.మీ., మీటరుగేజి 13.1 మి.మీ. బజారులో దొరికే పట్టా 16.5 మి.మీ.
* హెచ్.ఓ. (1:87): బ్రాడ్‌గేజి 19.3 మి.మీ., మీటరుగేజి 11.5 మి.మీ. బజారులో దొరికే పట్టాలు 16.5 మి.మీ., 12 మి.మీ.
* ఎన్ (1:160): బ్రాడ్‌గేజి 10.5 మి.మీ., మీటరుగేజి 6.3 మి.మీ. బజారులో దొరికే పట్టా 9 మి.మీ.

హెచ్.ఓ. నిష్పత్తిలో తయారైన భారతీయ వ్యాగనును 16.5 మి.మీ. పట్టాపై నిలిపితే తేడా కంటికి తెలుస్తుంది. భారతీయ బ్రాడ్‌గేజి వాహనాల గరిష్ఠ వెడల్పు 3,250 మి.మీ. అంటే గేజికి సుమారు 1.94 రెట్లు. అదే వెడల్పును 1:87లో తగ్గిస్తే 37.4 మి.మీ. వస్తుంది. ఇది 16.5 మి.మీ. పట్టాకు 2.26 రెట్లు. ఫలితంగా బ్రాడ్‌గేజి వ్యాగను మీటరుగేజి వ్యాగను వలె పట్టాలకు ఇరువైపులా ఎక్కువగా పొడుచుకు వచ్చినట్లు కనిపిస్తుంది. దీనికి రెండు పరిష్కారాలున్నవి. ఒకటి, 19.3 మి.మీ. పట్టాను స్వయంగా పరచుకొనుట. రెండవది, 16.5 మి.మీ. పట్టాను ఉంచి, వ్యాగనునే సుమారు 1:101.6 నిష్పత్తిలో నిర్మించుట. రెండవ పద్ధతిలో మనుషుల బొమ్మలు, భవనాలు కూడా అదే నిష్పత్తిలో ఉండాలి. మీటరుగేజికి ఈ ఇబ్బంది తక్కువ. హెచ్.ఓ.లో 12 మి.మీ. పట్టా దాదాపు సరిపోతుంది.

వ్యాగన్ల రకాలు

భారతీయ వ్యాగన్ల రకాన్ని ఆంగ్ల అక్షరాల సంకేతంతో గుర్తిస్తారు. ఆవిరి యుగంలో ముఖ్యమైనవి ఇవి.

* సి: పైకప్పు గల మూత వ్యాగను. దీనిలోనే సి.ఆర్.టి. వంటి తరువాతి రూపాలు వచ్చినవి.
* ఓ, కె.సి.: పైకప్పు లేని వ్యాగన్లు. బొగ్గు, రాయి, కట్టెల వంటి వాటికి వాడేవారు.
* సి.ఎ.: పశువుల వ్యాగను. గాలి కొరకు పక్కలలో సందులు ఉంటాయి.
* టి అక్షరంతో మొదలయ్యేవి: ట్యాంకు వ్యాగన్లు. టి.పి. పెట్రోలుకు, టి.కె. కిరోసినుకు.
* బి అక్షరంతో మొదలయ్యేవి: బోగీలపై నడిచే పొడవైన వ్యాగన్లు. ఉదాహరణకు బాక్స్, బి.సి.ఎక్స్.
* ఎం అక్షరంతో మొదలయ్యేవి: మీటరుగేజి వ్యాగన్లు.

ప్రతి గూడ్సు బండి చివర గార్డు పెట్టె ఉండేది. ఇది లేని నమూనా బండి అసంపూర్ణం. ఆ కాలపు వ్యాగన్లలో అధిక భాగం నాలుగు చక్రాలవి. వాటికి రెండు చివరల పక్క బఫర్లు, మధ్యలో మర కొక్కెం, అడుగున వాక్యూం బ్రేకు సిలిండరు ఉండేవి. నేటి ఎయిర్ బ్రేకు వ్యాగన్లను చూచి పాత వ్యాగను అడుగుభాగాన్ని నిర్మించరాదు. వాక్యూం బ్రేకు వ్యాగన్లకు సాధారణంగా ఎరుపు కలిసిన గోధుమ రంగు వేసేవారు.

కాలనిర్ణయం

వ్యాగను పక్కన వ్రాసిన అక్షరాలు నమూనా ఏ కాలానికి చెందినదో వెంటనే చెబుతాయి. నెల్లూరు మార్గానికి సంబంధించి మూడు దశలు గమనించాలి.

* 1908 నుండి 1951 వరకు: మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే.
* 1951 ఏప్రిల్ 14 నుండి 1966 వరకు: దక్షిణ రైల్వే.
* 1966 అక్టోబరు 2 నుండి ఆవిరి ఇంజన్ల ముగింపు వరకు: దక్షిణ మధ్య రైల్వే.

దక్షిణ మధ్య రైల్వే అక్షరాలున్న వ్యాగను 1955 నాటి దృశ్యంలో ఉండరాదు. అయితే వ్యాగన్లు ఒక రైల్వే నుండి మరొక రైల్వేకు సరకుతో వెళ్ళేవి. కనుక నెల్లూరు గుండా పోయే బండిలోని వ్యాగన్లన్నీ ఒకే రైల్వేవి అయితే అదీ సహజం కాదు. స్వాతంత్ర్యానంతర వ్యాగన్లపై ఆంగ్లంతో పాటు దేవనాగరి అక్షరాలు కూడా కనిపిస్తాయి. బరువుల వ్రాతలోనూ జాగ్రత్త అవసరం. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చినది. అంతకుముందు దృశ్యంలో వ్యాగను బరువును మెట్రిక్ టన్నులలో వ్రాయరాదు.

ఇంజను కూడా కాలానికి తగినదై ఉండాలి. డబ్ల్యు.జి. తరగతి గూడ్సు ఇంజన్ల నిర్మాణం చిత్తరంజన్ కర్మాగారంలో 1950లో మొదలై 1970లో ముగిసినది. 1940 నాటి నమూనాలో ఈ ఇంజనుకు చోటు లేదు.

సరకులు

ధాన్యం మరియు బియ్యం

నెల్లూరు ప్రాంతం మొలగొలుకులు బియ్యానికి ప్రసిద్ధి. ధాన్యం, బియ్యం గోనె బస్తాలలో మూత వ్యాగన్లలో వెళ్ళేవి. సుమారు 22 టన్నులు పట్టే నాలుగు చక్రాల వ్యాగనులో 100 కిలోల బస్తాలు 220 వరకు పడతాయి. బండి నడుస్తున్నప్పుడు తలుపులు మూసి, సీలు వేసి ఉంటాయి. అందువలన బస్తాలను చూపదలచినవారు తలుపు తెరచిన వ్యాగనును గూడ్సు షెడ్డు వద్ద నిలపాలి. 90 సెం.మీ. పొడవు గల బస్తా 1:87లో సుమారు 10 మి.మీ. ఉంటుంది. నిండు బస్తాలు ఇటుకల వలె పదునైన అంచులతో ఉండవు. కింది వరుస బస్తాలు పై బరువుకు అణగి ఉంటాయి.

అభ్రకం

అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరు, సైదాపురం పరిసరాలు అభ్రకం గనులకు పేరు పొందినవి. ప్రజలు దీనిని కాకిబంగారం అని కూడా అంటారు. ఎగుమతి చేసే అభ్రకాన్ని చెక్క పెట్టెలలో సర్దేవారు. మెరిసే ఖనిజం కనుక వ్యాగనులో తళుకు పొడి పోసి చూపుట నమూనాలలో జరగగల పొరపాటు. నిజానికి బయటికి కనిపించేది మేకులు కొట్టిన చెక్క పెట్టెలు మాత్రమే.

బొగ్గు

బొగ్గు ఈ తీరం నుండి వెళ్ళే సరకు కాదు, ఇక్కడికి వచ్చే సరకు. దక్షిణాది రైల్వేల ఇంజన్లకు సింగరేణి గనులు ముఖ్యమైన ఆధారం. బిట్రగుంట వంటి షెడ్డుకు చేరే బొగ్గు వ్యాగన్లు నిండుగా వచ్చి, ఖాళీగా తిరిగి వెళతాయి. నమూనాలో నిజమైన బొగ్గునే దంచి జల్లెడ పట్టి వాడవచ్చును. 20 సెం.మీ. పెళ్ళ 1:87లో 2.3 మి.మీ. అవుతుంది. అంతకంటె పెద్ద ముక్కలు బండరాళ్ళ వలె కనిపిస్తాయి.

ఉప్పు మరియు సరుగుడు కట్టెలు

తీరంలో తయారైన ప్రతి సరకూ రైలెక్కలేదు. ఇసకపల్లి వంటి చోట్ల ఉప్పుమళ్ళు, తీరం పొడవునా సరుగుడు తోటలు ఉన్నవి. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీ తీరంలో రైలింజన్ల వంటచెరకు కొరకే సరుగుడును పెంచారు. కాని తీరానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ ఉన్నందున ఉప్పు, కట్టెలు పడవలపై కూడా మద్రాసు చేరేవి. కనుక కట్టెల వ్యాగన్లను బండి నిండా పెట్టుట కంటె ఒకటి రెండుకు పరిమితం చేయుట మేలు. సరుగుడు చెట్టు సన్నని ఆకుపచ్చ రెమ్మ మందం సుమారు 0.7 మి.మీ. ఇది 1:87లో 6 సెం.మీ. మందపు కట్టెకు సమానం. ఎండబెట్టి గోధుమ రంగు వేసి, సమాన పొడవులో కత్తిరించి పేర్చితే సరుగుడు మోపుల నమూనాకు ఉపయోగపడుతుంది. ఉప్పు మోసిన వ్యాగన్ల నేల, పక్క రేకుల అడుగు అంచులు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు రంగును అక్కడే ఎక్కువగా వేయాలి.

గేజి మార్పిడి దృశ్యం

రెండు గేజిలు కలిసే చోట ఒక వ్యాగనులోని సరకును హమాలీలు మరొక వ్యాగనులోకి మోయవలసి వచ్చేది. గూడూరు వంటి జంక్షనును నమూనాగా తీసుకుంటే ఒకే వేదికకు ఒకవైపు బ్రాడ్‌గేజి, రెండవవైపు మీటరుగేజి వ్యాగన్లను తలుపులు తెరచి నిలపవచ్చును. రెండు వ్యాగన్లూ ఒకే నిష్పత్తిలో ఉండాలి. ఒకదాని సామర్థ్యం మరొకదాని కంటె తక్కువ కనుక వ్యాగన్ల సంఖ్య ఇరువైపులా సమానంగా ఉండనవసరం లేదు.

బరువు మరియు ఎత్తు

నిజమైన వ్యాగను సరకు నింపినప్పుడు కమాను స్ప్రింగులపై కిందికి దిగుతుంది. భారతీయ బ్రాడ్‌గేజిలో బఫరు మధ్యభాగం ఎత్తు ఖాళీ వ్యాగనుకు 1,105 మి.మీ. మించరాదు, నిండు వ్యాగనుకు 1,030 మి.మీ. కంటె తగ్గరాదు. ఈ 75 మి.మీ. తేడా 1:87లో 0.86 మి.మీ. పక్కపక్కన నిలిపిన ఖాళీ, నిండు వ్యాగన్ల మధ్య ఈ తేడా కనిపిస్తే సరకు నిజంగా బరువైనదనే భావన కలుగుతుంది.

నమూనా బరువు నిష్పత్తి ప్రకారం తగ్గదు. 22 టన్నుల సరకును 1:87లో ఘనపరిమాణం ప్రకారం తగ్గిస్తే 33 గ్రాములే వస్తుంది. తేలిక వ్యాగన్లు మలుపులలో పట్టా తప్పుతాయి. 1935లో అమెరికాలో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సూచన ప్రకారం హెచ్.ఓ. వ్యాగనుకు ఒక ఔన్సు, దానితో పాటు పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు బరువు ఉండాలి. ఆ లెక్కన 92 మి.మీ. వ్యాగనుకు సుమారు 80 గ్రాములు కావాలి. అదనపు బరువును నేల కింద దాచి, సరకును తీసి పెట్టుకొనేలా వేరుగా తయారుచేస్తే అదే వ్యాగనును ఖాళీగానూ, నిండుగానూ నడపవచ్చును.

ప్రాముఖ్యత

ఇంజన్లలో కొన్నిటిని ప్రదర్శనశాలలలో భద్రపరచారు. 1977లో ప్రారంభమైన ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాల, చెన్నైలోని పెరంబూరు రైలు ప్రదర్శనశాల ఇందుకు ఉదాహరణలు. సాధారణ సరకు వ్యాగనుకు అటువంటి గౌరవం తక్కువగా దక్కినది. వాడినన్నాళ్ళు వాడి తుక్కుకు అమ్మివేయుట దాని సహజ ముగింపు. దానిలో వెళ్ళిన బస్తాలు, పెట్టెలు అసలే మిగలవు. పాత ఛాయాచిత్రాలు, కొలతల పటాలు, యార్డులలో పనిచేసిన ఉద్యోగుల, హమాలీల జ్ఞాపకాలు మాత్రమే ఆధారం. వీటిని సరిపోల్చి చేసిన ఒక చిన్న వ్యాగను, ఏ ఊరి సరకు ఏ దారిన ఎక్కడికి పోయినదో విద్యార్థులకు చూపగలదు. ఊహతో నింపిన వ్యాగను అందంగా ఉండవచ్చును గాని ఆ పని చేయలేదు.

ఇవి కూడా చూడండి

* నెల్లూరు
* ఇందుకూరుపేట
* బిట్రగుంట
* బకింగ్‌హాం కాలువ
* దక్షిణ మధ్య రైల్వే