గడయు త్రాడును

ఊత్తుకోటను ఒరసి పారు ఆరణియేరు చిత్తూరు సీమ కొండలలో పుట్టి, సురుటుపల్లిని దాటి, మన యూరి మీదుగా తూర్పునకు సాగి పులికాటు సరస్సు చెంత కడలిని చేరును. ఆ సరస్సు గుండానే నెల్లూరు తట్టు నుండి మద్రాసునకు బకింగ్‌హాం కాలువ పడవలు వచ్చుచుండెడివి. శ్రీహరికోట అడవుల కట్టెలతోనే పట్టణమున పెక్కు పొయ్యిలు వెలిగినవి.

1806లో బాసిల్ కొక్రేన్ మద్రాసు నుండి ఎన్నూరు వరకు త్రవ్వించిన కాలువ దీనికి మొదలు. 1837లో అది ప్రభుత్వపరమయ్యెను. 1876-78 నాటి ధాత కరవులో కూలీలచే కూవము, అడయారులను కలుపు భాగము త్రవ్వబడెను. పెదగంజాము మొదలు మరక్కాణము వరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. త్రవ్వించినవారి పేళ్ళు గ్రంథములకెక్కినవి. పడవను నడిపినవాని విద్యను వ్రాసినవారు అరుదు.

ఆ విద్య యెట్టిది? పడవవాడు గడను నీటి యడుగున నాటి, పైకొనను భుజమున కానించి, పడవ యంచున ముందునుండి వెనుకకు నడచును. అతడు నడచినకొలది కాళ్ళక్రింది పడవ ముందునకు జరుగును. తెడ్డు వేసినచో నీరు వెనుకకు తొలగును గనుక శ్రమలో కొంత ఆ నీటిని కదల్చుటకే చెల్లును. గడ యానిన నేల కదలదు; శ్రమ దాదాపు అంతయు పడవకే దక్కును. పైగా పనిచేయునవి దేహమున మిక్కిలి బలముగల తొడ కండరములు. ఇంగ్లండున ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థుల పడవ పందెమున, కాళ్ళ బలము తెడ్డునకు చేరునట్లు జరుగుపీటలు వాడినది 1873లో! ఈ సంగతి తెలిసినప్పుడు మాకు నవ్వు వచ్చెను.

గాలి యున్నచో తెరచాప. లేనిచో గట్టున నడచుచు త్రాటితో లాగుట. త్రాడు ఏటవాలుగా లాగుటచే పడవ ముక్కు గట్టువైపు తిరుగజూచును. చుక్కాని దానిని సరిదిద్దును. త్రాడు పొడవైనకొలది ఆ ప్రక్కలాగుడు తగ్గును. వేగము రెట్టింపైన నీటి యడ్డు నాలుగింతలు, కావలసిన శక్తి ఎనిమిదింతలు. పడవల నత్తనడకను ఎగతాళి చేయువారు ఈ లెక్కను చూడవలెను.

రైళ్ళు, లారీలు సరకును లాగుకొన్నవి. 1965-66, 1976 సంవత్సరముల తుపానులు కాలువను చెరచినవి. గడ నెచ్చట నాటవలెనో కాలికి తెలిసిన ముసలివారు యే యింటనైన నున్నచో, వారి మాటలను వారి పలుకుబడిలోనే వ్రాసి సంఘమునకు పంపవలెనని కోరుచున్నాము.