ఖైదీ ఇంటికి గింజలు పంపిందెవరు?

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని రెండు వేల మందికి పైగా జనం చూస్తుండగా ఉరితీశారు. తలను కోట గుమ్మానికి కట్టి 1877 దాకా అలాగే ఉంచారు. సీమలో ఈ కథ తెలియని ఊరు లేదు. కానీ ఆ తిరుగుబాటులో అంతగా ఎవరూ చెప్పుకోని లెక్క ఒకటుంది. ఆయన వెంట నడిచారని దాదాపు తొమ్మిది వందల మందిని పట్టుకున్నారు. 412 మందిని వదిలేశారు, 273 మందిని జామీనుపై పంపారు, 112 మందికి శిక్ష వేశారు. అంటే 112 ఇళ్లలో మగదిక్కు లేకుండా పోయింది. అప్పట్లో కడప జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆ పల్లెల్లో ఆ ఏడు జొన్న ఎవరు కోశారు, పిల్లలకు సంగటి ఎవరు పెట్టారు? కుంపణీ దొరలు నేరస్థులను లెక్క రాసుకున్నారు గానీ వాళ్ల ఇళ్లను ఏ లెక్కలోనూ చేర్చలేదు.

నాకు ఈ విషయంలో మొదటినుంచీ కనబడేది ఒక్కటే. వానలు నమ్మలేని ఈ నేలమీద, జైలుకు పోయినవాడి ఇంటికి గింజలు ఎవరు పంపితే ఆ ఇల్లు వాళ్ల చేతిలోకి పోతుంది. ఒకప్పుడు గింజలు పంపింది సర్కారు, తర్వాత పంపింది ఊరి నాయకుడు. ఆ ఇంటి ఆడమనిషి ఎవరి చేతికిందా లేకుండా నిలబడే దారి గురించి ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది, వచ్చింది కూడా సగమే.

సర్కారు సంగతి ముందు. ఎరుకలవాళ్లు ఒకప్పుడు కోస్తా నుంచి ఉప్పు మోసుకొచ్చి సీమ పల్లెల్లో అమ్ముకునేవాళ్లు. ఉప్పు పన్ను, రైలు కలిసి ఆ బతుకుతెరువును తీసేశాయి. ఆ తర్వాత వాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసే చట్టం వచ్చింది. 1871 నాటి ఆ చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. దాని కింద సెటిల్‌మెంట్లు వెలిశాయి. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిన స్టువర్టుపురం అందరికీ తెలుసు. అప్పటి కర్నూలు జిల్లాలో ఆత్మకూరు వైపు సిద్ధాపురంలో కూడా ఒక సెటిల్‌మెంటు ఉండేదని చాలామందికి తెలియదు. ఏ నేరమూ చేయని ఆడవాళ్లు, పసిపిల్లలు కూడా భర్తతోనో తండ్రితోనో పాటు అలాంటి కంచెల లోపలే బతకాలి. హాజరు పలకాలి, బయటికి పోవాలంటే పాసు అడగాలి. ఆ చట్టంలో ఇంకో క్లాజు ఉంది. ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల దగ్గర్నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం సర్కారుకు ఇచ్చింది. పిల్లలను బాగుచేయడమని దానికి పేరు. ఏ తల్లికి పుట్టారన్నదే ఆ పిల్లలు చేసిన తప్పు.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో ఎత్తేసింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. పోలీసు చూపు అంత తొందరగా మారలేదు.

ఆ చట్టం ఇంకా నడుస్తున్న రోజుల్లోనే, ఉప్పు సత్యాగ్రహం తర్వాత, మన ఆడవాళ్లు కొందరు వెల్లూరు, మదురై జైళ్లు చూశారు. వాళ్లలో దుర్గాబాయి ఒకరు. తమ మీద కేసు ఏమిటో కూడా సరిగా తెలియకుండా శిక్ష అనుభవిస్తున్న పల్లెటూరి ఆడవాళ్లను అక్కడ చూసి ఆమె లా చదవాలని పట్టుబట్టారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఆమె చేతుల మీదుగా మొదలయ్యాయి. ఆడఖైదీకి లాయరు కావాలి, బయటికొచ్చాక పని కావాలి అన్న ఆలోచన మన భాషవాళ్లలో అంత స్పష్టంగా ముందు పలికింది ఆమేనని నా నమ్మకం. ఆ ఆలోచన కర్నూలు, కడప పల్లెలకు చేరడానికి మాత్రం చాలా దశాబ్దాలు పట్టింది.

ఈలోపు ఆ ఖాళీలోకి ఊరి నాయకుడు వచ్చాడు. ఫ్యాక్షన్ గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది కత్తుల గురించి, బాంబుల గురించి రాశారు. పౌరహక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ లాంటి కొద్దిమంది మాత్రం నాయకుల తగాదాలో చచ్చేదీ జైలుకు పోయేదీ వెంట తిరిగే పేదవాళ్లేనని చూపించారు. దాని తర్వాతి మెట్టు ఇంటి లోపల ఉంది. నాయకుడి మాట మీద కత్తిపట్టి లోపలికి పోయినవాడి కేసు ఖర్చు నాయకుడిదే. లాయరు ఫీజు, వాయిదా రోజున జీపు, ఇంటికి నెలనెలా బియ్యం, పండక్కి పిల్లలకు బట్టలు, ఆడపిల్ల పెళ్లికి ఇంత. ఊరి దృష్టిలో ఇది నాయకుడి మంచితనం. ఆ బియ్యం తిన్న కొడుకు పదహారేళ్లకే నాయకుడి జీపెక్కాల్సి వస్తుంది, తల్లి వద్దనలేదు. చచ్చినవాడి ఇంట్లోనూ ఇదే వరస. సాక్ష్యం చెప్పాల్సిన విధవ కోర్టుకు పోయేలోపే ఇరుపక్కల పెద్దమనుషులు రాజీ కుదురుస్తారు. ఆమెను అడిగేవాడు ఉండడు. ఆమె మాట మార్చిందని కోర్టు కేసు కొట్టేస్తుంది, ఊరు ఆమెనే తప్పుపడుతుంది. నేరం చేసినవాడి భార్య, నేరానికి బలైనవాడి భార్య ఇద్దరూ ఒకే తీరు గడపల ముందు చేయి చాచి నిలబడటం ఫ్యాక్షన్ చేసిన అన్యాయాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది.

2008 మే నెలలో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో కప్పట్రాళ్ల నాయకుడినీ ఆయనతో ఉన్న పదిమందినీ చంపారు. 2014 డిసెంబరులో ఆదోని కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. ఒక్క తీర్పుతో ఒక్క ఊరికి సంబంధించి అన్ని ఇళ్లు ఒకేసారి పెద్దదిక్కు కోల్పోవడం అరుదు. అప్పటి జిల్లా ఎస్పీ ఆకె రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకుని బాగుచేసే పనికి పూనుకున్నారు. పోలీసు అధికారి శిక్ష పడ్డాక కూడా ఊళ్లోకి వెళ్లి, మిగిలిన ఇళ్ల సంగతి పట్టించుకోవడం నిజంగా మెచ్చుకోదగ్గ పని. అయితే అది ఒక మనిషి మనసులో పుట్టిన పని. పక్క ఊరి ఖైదీ భార్య తనకూ అలాగే చేయమని హక్కుగా అడగడానికి ఏ కాగితమూ లేదు.

ఆ చుట్టుపక్కల మండలాల్లో ఆడమనిషి బతుకు ఎలా ఉంటుందో తెలిస్తే ఆ కాగితం ఎందుకు కావాలో తెలుస్తుంది. ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు చలికాలం మొదలయ్యాక పల్లెలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు పిల్లాజెల్లాతో కదులుతారు. మొగుడు రిమాండులో ఉన్న మనిషి కూడా పోవాల్సిందే, లేకపోతే అప్పు తీరదు. వాయిదా పడినప్పుడు గుంటూరు పొలం నుంచి ఆదోని కోర్టుకో కడప జైలుకో రావాలి. రెండు రోజుల కూలి, బస్సు ఛార్జీలు పోతాయి. ములాఖత్‌కు ఆధార్ కార్డు చూపించి, వరసలో కూర్చుని, పిలుపు వచ్చాక అడ్డు అవతల ఉన్న మనిషితో కాసేపు మాట్లాడి తిరిగి బస్సెక్కాలి. కోర్టు జామీను ఇచ్చినా పని అయిపోదు. పూచీకి ఇద్దరు మనుషులు కావాలి. వాళ్లకు పొలం పాసుపుస్తకమో ఇంటి పన్ను రసీదో ఉండాలి, తహసీల్దారు ఆఫీసు నుంచి సాల్వెన్సీ సర్టిఫికెట్ తేవాలి. కౌలుకు చేసుకునేవాళ్ల వాడలో పాసుపుస్తకం ఎవరికుంటుంది? మళ్లీ నాయకుడి గడపే. పేదవాడిని అంత పూచీ అడగడం తప్పని సుప్రీంకోర్టు 1978లోనే మోతీరామ్ కేసులో చెప్పింది. చెప్పినంత మాత్రాన కింది కోర్టుల అలవాటు పోలేదు.

పై కోర్టుకు పోవాలంటే దూరం ఇంకో శిక్ష. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక లెక్క ప్రకారం హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956లో హైదరాబాదుకు, 2019 జనవరి 1న అమరావతికి మారింది. 2021లో మానవ హక్కుల కమిషన్ కర్నూలుకు వచ్చింది. ప్రతి మార్పు మీదా రాజకీయం చాలా నడిచింది. బెయిల్ పిటిషన్ కోసం బ్యాగు సర్దుకునే పల్లె ఆడమనిషికి హైకోర్టు మాత్రం ఎప్పుడూ దూరమే.

కడప సెంట్రల్ జైలు ముందు ఇంకో ప్రాంతపు ఆడవాళ్లు కూడా కనిపిస్తారు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో పట్టుబడిన తమిళ కూలీల భార్యలు జవ్వాది కొండల నుంచి వస్తారు. వాళ్లకు తెలుగు రాదు, కేసు కాగితం చదవలేరు. 2015 ఏప్రిల్ 7న ఇరవై మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయాక దేశం వాళ్ల వైపు కొన్నాళ్లు చూసింది. దుంగలు కొనే పెద్దల ఇళ్ల ముందు మాత్రం అంతటి దుఃఖం ఎప్పుడూ కనబడదు.

జైలు లోపల ఉన్న తల్లుల గురించి దేశానికి దారి చూపిన తీర్పు పేరులో మన రాష్ట్రమే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తల్లితో ఉన్న బిడ్డను ఖైదీగా చూడకూడదు. ఆ బిడ్డకు తిండి, వైద్యం, చదువు హక్కుగా అందాలి, క్రెష్ ఉండాలి. పుట్టిన ధ్రువపత్రంలో జైలు అని రాయకూడదు. సౌకర్యాలు లేని కిక్కిరిసిన సబ్‌జైళ్లలో బిడ్డ తల్లులను ఉంచకూడదు. ఆరేళ్లు నిండాక తల్లి ఇష్టప్రకారం బంధువులకో, లేకపోతే వీలైనంతవరకు జైలున్న ఊళ్లోనే ఉన్న హోముకో పంపాలి, వారానికి ఒకసారైనా తల్లికి చూపించాలి. 1911 చట్టం కూడా ఆరేళ్ల దగ్గరే గీత గీసిందని మరిచిపోవద్దు. అప్పట్లో ఆ గీత దాటిన బిడ్డను తల్లికి దూరం చేయడమే ఉద్దేశం. ఇప్పుడు దూరమైనా తల్లి ముఖం మరవకూడదన్నది ఉద్దేశం. ఆ తేడా చిన్నది కాదు. కానీ ఆరేళ్ల బిడ్డకు ఆ వారపు చూపు ఎంతమాత్రం సరిపోదు. 2022 జాతీయ లెక్కల ప్రకారం 1,537 మంది తల్లులు, 1,764 మంది పిల్లలు దేశంలోని జైళ్లలో ఉన్నారు.

లోపలున్న ఆడవాళ్లలో కొందరు బయటికీ వచ్చారు. 2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 53 మంది యావజ్జీవ మహిళా ఖైదీలను విడుదల చేసింది. వాళ్లలో 27 మంది కడప జైలు నుంచి వచ్చినవాళ్లే, రాజమండ్రి కంటే ఎక్కువ.

బయట ఉన్న ఆడవాళ్లకు ఆధారం దొరికిన చోటు ఏదైనా ఉంటే అది పొదుపు సంఘమే. 1990ల నడుమ ఓర్వకల్లులో మొదలైన మండల సమాఖ్య ఆడవాళ్లు పిల్లలను కూలి మాన్పించి బడికి పంపారు, సొంతంగా బాలభారతి బడి పెట్టుకున్నారు, ఇంటి తగాదాల్లో తామే కూర్చుని న్యాయం చెప్పారు. సంఘం అప్పు ఇస్తే నాయకుడి అప్పు అక్కర్లేదు. ఈ ఒక్క మార్పు ఫ్యాక్షన్ చల్లబడటానికి చేసిన సాయాన్ని మన చరిత్రకారులు ఇంకా సరిగా రాయలేదు. 1995 నవంబరు 9 నుంచి న్యాయసేవల చట్టం అమల్లోకి వచ్చాక ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరకాలి. కర్నూలు, కడప జిల్లా కోర్టుల్లో ఆ ఆఫీసులున్నాయి. అయినా చాలా పల్లెల్లో ఆ సంగతి కేసు ముగిశాకే తెలుస్తోంది.

చట్టాల్లో ఇంకా మిగిలిన ఖాళీలు రెండు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు చేసినప్పుడు బంధువుకు కబురు చేయాలని చెప్పింది. ఇంట్లో పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారో అడగమని ఆ నిర్దేశాల్లో లేదు. 2015 బాల న్యాయ చట్టం 45వ సెక్షన్ స్పాన్సర్‌షిప్ సాయానికి నాలుగు సందర్భాలు చెప్పింది: తల్లి విధవో, విడాకులు తీసుకున్నదో, కుటుంబం వదిలేసినదో అయినా; అనాథ బిడ్డ బంధువుల దగ్గర ఉన్నా; తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బు పడినా; వాళ్లు ప్రమాదంలో పనిచేయలేని స్థితికి వచ్చినా. ఇప్పుడు ఆ సాయం నెలకు 4,000 రూపాయలు. కేరళ ప్రభుత్వం ఖైదీల పిల్లల చదువుకు విడిగా సాయం ఇస్తోంది. కప్పట్రాళ్ల లాంటి ఊళ్లున్న మన రాష్ట్రం, ఆ నాలుగింటి పక్కన తల్లో తండ్రో జైల్లో ఉన్న బిడ్డను కూడా పేరుపెట్టి చేర్చమని కేంద్రాన్ని అడగాలి. చేర్చేదాకా ఆ నాలుగు వేలు తన ఖజానా నుంచే ఇవ్వాలి. మండల సమాఖ్య ఖాతా ద్వారా ఇస్తే ఆ తల్లి ఎవరి గడపా ఎక్కక్కర్లేదు.