లోపలొకటి, పైకొకటి: ఎక్సెల్ గడి పుట్టుపూర్వోత్తరాలు

గురజాడ అప్పారావు పుట్టింది 21-09-1862న. కన్నుమూసింది 30-11-1915న. ఈ రెండు తేదీల్నీ ఎక్సెల్‌లో పక్కపక్క గడుల్లో కొట్టి చూడండి. రెండోది కుడి అంచుకు వెళ్లి ఆనుకుంటుంది, మొదటిది ఎడమ అంచునే ఉండిపోతుంది. ఆయన ఎన్ని రోజులు బతికారో తెలుసుకుందామని రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే జవాబు రాదు, ‘వాల్యూ’ ఎర్రర్ చూపించి మొండికేస్తుంది. గురజాడ పోయిన రోజు ఎక్సెల్ లెక్కలో తేదీ, పుట్టిన రోజు ఉత్త అక్షరాలు. 1900 జనవరి 1కి ముందు కాలమంటూ ఒకటి ఉండేదని దానికి తెలియదు.

ఈ విడ్డూరం ఎక్సెల్ సొంతం కాదు, వారసత్వంగా వచ్చింది.

1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కు పద్దుల కాగితాన్ని కంప్యూటర్ తెర మీదికి తేవాలనిపించింది. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రాం రాశాడు. 1979లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం విజికాల్క్ పేరుతో అది అమ్మకానికొచ్చింది. కాగితం మీద గడిలో ఏం రాసినా చిక్కు లేదు, చదివేవాడికి తెలుస్తుంది. తెర మీది గడిలో పడ్డది కూడాల్సిన అంకా, ఊరికే చూపాల్సిన పేరా అన్నది మాత్రం యంత్రానికి ముందే తేలాలి. విజికాల్క్ దీన్ని మొదటి మీటతోనే తేల్చేసేది. అక్షరం నొక్కితే తెర పైభాగాన ‘లేబుల్’ అని పడేది, అంకె నొక్కితే ‘వాల్యూ’ అని. అందుకే ఎ1ని బి1తో కూడాలన్నా ‘ఎ’తో మొదలుపెట్టడానికి వీల్లేదు, ముందు ప్లస్ గుర్తు కొట్టాలి. ‘1979 అమ్మకాలు’ అని శీర్షిక పెట్టాలంటే ముందు కొటేషన్ గుర్తు కొట్టాలి.

గడిలో ఉన్న విలువ వేరు, కనబడే రూపం వేరు అన్న ఏర్పాటు కూడా అప్పటిదే. రెండు గడుల్లో 2.4, 2.4 కొట్టి, మొత్తం కట్టి, దశాంశాలు చూపొద్దని చెబితే తెర మీద రెండూ రెండూ ఐదవుతుంది. ఎక్సెల్‌లో ఇవాళ్టికీ అంతే. లోపల 4.8 భద్రంగా ఉంది కాబట్టి లెక్క తప్పలేదు. ఆ సంగతి ప్రింటు తీసిన కాగితం పట్టుకుని కూర్చున్న ఆడిటర్‌కు చెప్పి ఒప్పించడమే కష్టం.

తేదీల కథ 1983లో మొదలైంది. ఆ ఏడాది జనవరిలో మిచ్ కేపర్, జొనాథన్ శాక్స్‌ల లోటస్ 1-2-3 వచ్చింది. తేదీని తేదీగా దాచే బదులు రోజుల లెక్కగా దాచడం అందులోని తెలివి. 1900 జనవరి 1 అంటే 1, మర్నాడు 2, అలా పోతుంది. 1947 ఆగస్టు 15 అని మనకు కనిపించే గడి లోపల ఉన్నది 17394. ఆనాటి మిట్టమధ్యాహ్నమైతే 17394.5. తేదీలోంచి తేదీ తీసేస్తే మధ్య రోజులెన్నో తేలిపోతుంది. వడ్డీ లెక్కలు కట్టేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

ఒక్క పొరపాటు దొర్లింది. శతాబ్దపు సంవత్సరం 400తో భాగించబడితేనే లీపు సంవత్సరం. 2000 అలాంటిదే, 1900 కాదు. లోటస్ మాత్రం 1900ను లీపు సంవత్సరంగా తీసుకుంది. దాంతో 60వ రోజు 1900 ఫిబ్రవరి 29 అయింది. ఏ పంచాంగంలోనూ లేని రోజది.

మైక్రోసాఫ్ట్ 1985లో మెకింటాష్‌కూ, 1987లో విండోస్‌కూ ఎక్సెల్ తెచ్చేనాటికి ఆఫీసుల్లో లోటస్‌దే రాజ్యం. ఆ వాడుకదారులు ఇటు రావాలంటే వాళ్ల పాత ఫైళ్లలోని తేదీలు ఒక్కరోజు కూడా అటూ ఇటూ కాకూడదు. కాబట్టి పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, లేని ఆ రోజును ఎక్సెల్ తెలిసే మోసుకొచ్చింది. 1900 జనవరి 1 సోమవారం. ఎక్సెల్‌ను అడిగితే ఇప్పటికీ ఆదివారమంటుంది. మార్చి 1 నుంచి వారాలు సరిపోతాయి. మెకింటాష్ ఎక్సెల్ ఈ గొడవ లేకుండా 1904 నుంచి లెక్క మొదలుపెట్టింది, కానీ రెండు రకాల ఫైళ్లు కలిసినప్పుడు తేదీలు 1462 రోజులు, అంటే నాలుగేళ్ల మీద ఒక రోజు, జరిగిపోవడం దాని ఫలితం. లిబ్రే ఆఫీస్ వాళ్లు 1899 డిసెంబర్ 30 నుంచి లెక్కపెట్టి దొంగ రోజును తప్పించారు. 1862 అక్కడ చక్కగా తేదీయే.

మన ఆఫీసుల్లో తలనొప్పి తెచ్చేది మాత్రం ఈ దొంగ రోజు కాదు, మొదటి మీట నాటి ఊహ. విజికాల్క్ ఒక్క మీటను చూసి ఊహించేది, ఎక్సెల్ ఎంటర్ కొట్టాక మొత్తం చూసి ఊహిస్తుంది. ఇంటి నంబరు 12-5-67 అని కొట్టండి. అది 1967 మే 12 అయిపోతుంది. కంగారుపడి ఫార్మాట్‌ను టెక్స్ట్‌కు మారిస్తే 24604 అని తేలుతుంది. మీరు కొట్టింది 12-5-67 అనో, 12-05-67 అనో ఇక గడికి గుర్తుండదు. సర్వే నంబర్ల కాలమ్‌లో 12/2 ఫిబ్రవరి 12 అవుతుంది, దాని కిందే 145/2 చెక్కుచెదరకుండా ఉంటుంది. సున్నాతో మొదలయ్యే బ్యాంకు ఖాతా నంబరుకు సున్నా ఎగిరిపోతుంది. పన్నెండంకెల ఆధార్ నంబరు 1.23457, పక్కన ఇ ప్లస్ 11 అన్న వేషం వేస్తుంది. అయినా లోపల నంబరు క్షేమమే, రూపం మార్చుకుంటే చాలు. పదహారంకెల కార్డు నంబరుకు ఆ అదృష్టం లేదు. ఎక్సెల్ పదిహేను అంకెలే పట్టుకోగలదు, చివరిది సున్నా చేసేస్తుంది, అది మళ్లీ రాదు. కొట్టేముందు ఒక అపాస్ట్రఫీ పెడితే ఇవేవీ జరగవు. ఆ అపాస్ట్రఫీ కూడా లోటస్ నుంచి వచ్చిందే.

జన్యుశాస్త్రవేత్తలకు ఇదే గతి పట్టింది. సెప్ట్2, మార్చ్1 అనే జన్యువులు సెప్టెంబర్ 2, మార్చి 1 అయి కూర్చునేవి. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో సుమారు అయిదో వంతులో ఈ తప్పులున్నాయని 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కతేల్చారు. చివరికి 2020లో జన్యువుల నామకరణ సంఘం దిగొచ్చి పేర్లే మార్చింది. సెప్ట్2 సెప్టిన్2 అయింది, మార్చ్1లో అంకెకు ముందు ఒక ఎఫ్ చేరింది. ఇలా ఊహించడం మానమని చెప్పే సెట్టింగును మైక్రోసాఫ్ట్ 2023లో ఇచ్చింది. జన్యువుల పాత పేర్లు మాత్రం తిరిగి రాలేదు.