కొత్తపట్నం (ప్రకాశం జిల్లా)

కొత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకాశం జిల్లాలో, జిల్లా కేంద్రమైన ఒంగోలుకు తూర్పున సుమారు 18 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న మండల కేంద్రం. తిరుపతి జిల్లా కోట మండలంలోనూ ఇదే పేరుతో మరొక తీరగ్రామం ఉన్నందువల్ల, పాత పత్రాలను చదివేవారు అవి ఏ కొత్తపట్నానివో ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది.

పత్తి, పొగాకు, మిరప పండే నల్లరేగడి మైదానం తూర్పుకు సాగి ఉప్పునేలలుగా మారి, చివరకు ఇసుక దిబ్బల వరుసగా ముగిసే చోట ఈ ఊరు ఏర్పడింది. నల్లమల కొండల్లో పుట్టిన గుండ్లకమ్మ నది కొత్తపట్నానికి ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది. ఈ తీరపు ఇసుక నేలల్లో వాననీరు ఉప్పునీటి కంటే తేలిక గనుక దానిపైన పలుచని పొరగా నిలుస్తుంది; రైతులు లోతు తక్కువ గుంటలు, అంటే దొరువులు తవ్వి, ఆ తియ్యని నీటినే జాగ్రత్తగా తోడి పైర్లకు పోస్తారు. లోతుకు తవ్వితే ఉప్పునీరు పైకి వస్తుందన్న ఎరుక మీదనే ఇక్కడి సేద్యం నిలిచింది.

ఈ తీరానికి ఓడల వ్యాపారం కొత్త కాదు. ఉత్తరాన ఉన్న మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించి, సముద్ర వ్యాపారుల సరకుకు రక్షణ కల్పించాడు. కొత్తపట్నం బ్రిటిష్ కాలంలో చిన్న రేవుగా పనిచేసింది. అయితే తీరం తిన్నగా ఉండి, ఓడకు ఆశ్రయమిచ్చే మలుపు లేకపోవడం దీని పెద్ద లోపం. ఇలాంటి రేవుల్లో తెరచాప ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి, సరకును చిన్న పడవలపై అలలు దాటించేవారు. తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువ 1876–78 నాటి మహా కరువులో కరువు పనుల ద్వారా విస్తరించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరును పొందింది. దానిమీద ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల్లో మద్రాసు వైపు సాగేవి. ఆ తరువాత 1899లో విజయవాడ–గూడూరు రైలుమార్గం ఒంగోలు మీదుగా వచ్చినప్పుడు మైదానపు సరకంతా స్టేషనుకు మళ్ళింది. ఇక్కడ రైలు సముద్రానికి దూరంగా సాగినందువల్ల కొత్తపట్నం రేవుగా క్షీణించడమే కాక, రైలు పట్టణంగానూ ఎదగలేకపోయింది. ఈ ఊరి చరిత్రలో ఇంతకంటే నిర్ణాయకమైన మలుపు లేదనవచ్చు.

పాలనాపరంగా ఒంగోలు తాలూకా మొదట నెల్లూరు జిల్లాలోను, 1904 నుండి గుంటూరు జిల్లాలోను ఉండగా, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పేరును స్వీకరించింది.

జాతీయోద్యమ చరిత్రలో కొత్తపట్నానికి స్థానం కల్పించినది 1937 వేసవిలో ఇక్కడ జరిగిన రాజకీయ, ఆర్థిక పాఠశాల. ఈ ప్రాంతం అప్పటికే ఉద్యమ భూమి: 1930 ఉప్పు సత్యాగ్రహ కాలంలో ఒంగోలు సమీపాన ఉన్న దేవరంపాడు సత్యాగ్రహ శిబిరమైంది. 1934లో కమ్యూనిస్టు పార్టీని ప్రభుత్వం నిషేధించాక, ఆంధ్రలో దాని కార్యకర్తలు కాంగ్రెస్ సోషలిస్టు పార్టీలో ఉండి యువకులకు రాజకీయ శిక్షణ ఇస్తూ వచ్చారు. అన్నాప్రగడ కామేశ్వరరావు వంటివారి ఆధ్వర్యంలో, పట్నవాసపు వేడికి దూరంగా సముద్రపు గాలి ఉన్న ఈ ఊళ్ళో తరగతులు నడిచాయి. అప్పటికి ఎన్నికల్లో గెలిచిన కాంగ్రెస్ మంత్రిపదవులు స్వీకరించనందువల్ల మద్రాసులో కూర్మా వెంకటరెడ్డినాయుడి తాత్కాలిక మంత్రివర్గం ఉంది. ప్రభుత్వం పాఠశాలను నిషేధించింది. నిషేధాన్ని ధిక్కరించిన విద్యార్థులపై పోలీసులు లాఠీలు ఝళిపించి అరెస్టులు చేశారు. చదువు చెప్పే చోట లాఠీ ఆడించిన ఈ ఘటన ఆ మంత్రివర్గానికి మచ్చ తెచ్చింది, పాఠశాలకు మాత్రం ఊహించని ప్రచారం కల్పించింది. మరుసటి ఏడాది మంతెనవారిపాలెంలో మరో పాఠశాల జరిగింది.

నేటి కొత్తపట్నం బతుకుతెరువుకు ఒంగోలు మీద, చేపల మీద ఆధారపడింది. ఉద్యోగులు, విద్యార్థులు, కూలీలు బస్సుల్లో, ఆటోల్లో పొద్దున్నే ఒంగోలుకు వెళ్ళి సాయంత్రానికి తిరిగివస్తారు. కార్తీకంలోను, సెలవు దినాల్లోను పట్టణవాసులే సముద్రస్నానాలకు ఇటు వస్తారు. 1979 మే నెలలో ఒంగోలు సమీపాన తీరం దాటిన పెనుతుఫాను, 2004 డిసెంబరు 26 నాటి సునామీ మత్స్యకారుల పాలేలను కుదిపివేశాయి. రేవుకు ఆనాడు లేని ఆశ్రయమే నేటి పడవలకూ లేదు. ప్రతి పడవనూ ఇసుక మీదికి లాగి నిలపవలసిందే. రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టిన తొమ్మిది ఫిషింగ్ హార్బర్ల జాబితాలో కొత్తపట్నం పేరు చేరడానికి కారణం ఈ పాత కొరతే.